ఆరో తొట్టి

చైత్రం, చిన్న పోటు

ఈ పొద్దున వరసలో నా బిందె తేలిగ్గా ఉందని వెనక నిలబడ్డ ఆడమనిషి కిసుక్కున నవ్వింది. నవ్వనీ. మెట్టదివిలో డెబ్బై దాటిన మగవాళ్ళ బిందెలన్నీ తేలికే. రాత్రంతా లేచి కూర్చోవడం, తెల్లవారేసరికి గ్లాసుడు. వడకట్టు శాల గుమాస్తా బిందె తూచి, ఇచ్చినదానికి తగ్గ మంచినీళ్ళ చీటీ చింపి చేతిలో పెడతాడు. చుట్టూ కనుచూపు మేర సముద్రం. తాగడానికి మాత్రం ఊరందరి ఉచ్చ ఊరందరికీ. డెల్టా మునిగిపోయి, స్తంభాల మీద ఈ ఊరు కట్టుకున్నప్పుడు పెద్దలు చేసిన ఏర్పాటు ఇది. మావాళ్ళు దీన్ని పెళ్ళిపాటల్లో కూడా పాడుకుంటారు. సిగ్గు లేని జాతికి ఏదైనా పాటే.

చెమటకి మాత్రం చీటీ లేదు. మూణ్ణెల్లకోసారి నా పొట్టలో పొడిచే హార్మోను సూది వల్ల ఒళ్ళు ఉన్నట్టుండి కొలిమి అవుతుంది. చొక్కా తడిసి ముద్దవుతుంది. ఆ నీళ్ళు నావి కావా? "చొక్కా పిండి బిందెలో పోయి అన్నయ్యా, నాలుగు చుక్కలు కలిసొస్తాయి" అంటుంది మా చెల్లెలు రాజ్యం. మొగుడు పోయాక నా ఇంట్లోనే ఉంటోంది. నోరు కూడా తెచ్చుకుంది.

మా డాక్టరు సువార్త చెడ్డ మాట చెప్పేముందు మంచినీళ్ళు ఇస్తుంది. ఇవాళ గ్లాసు చూడగానే నాకు విషయం అర్థమైంది.

"మూడు పరీక్షల్లోనూ పి.ఎస్.ఏ. పెరిగిందండి."

"సూది మానలేదే."

"సూది తన పని చేస్తూనే ఉంది. మగ హార్మోను అడుగంటే ఉంది. అది తిని బతికే ప్రోస్టేటు క్యాన్సర్ మాత్రం తిండి లేకపోయినా పెరుగుతోంది. నడుం ఎముకల్లో రెండు మచ్చలు నాలుగయ్యాయి."

"అయితే ఆ సూది ఆపండి. చొక్కాలైనా ఆరతాయి."

"ఆపకూడదండి. అది పనికిరావడం లేదని కాదు, అదొక్కటే చాలడం లేదు. దానికి తోడు ఇంకోటి కావాలి."

ఆ ఇంకోటి ఏదన్నది వరసగా చెప్పింది. మాత్రలున్నాయి. ఒంట్లో మిగతాచోట్లా, క్యాన్సర్ లోపలా దొంగచాటుగా తయారయ్యే హార్మోనును కూడా ఆపుతాయి. కీమో ఉంది, మూడు వారాలకోసారి. రక్తంలో జన్యువు పరీక్ష చేస్తే, అందులో ఫలానా లోపం ఉంటే దానికి వేరే మాత్రలు. నొప్పి పుట్టే ఎముకకి కిరణాలు. ఏదీ వద్దంటే నొప్పి లేకుండా చూసుకోవడం, "అది కూడా వైద్యమేనండి" అంది. నేను సగం వినలేదు. చివర్న చెప్పినదానికి మాత్రం తలెత్తాను.

"లుటీషియం అని ఒకటి ఉంది. నరానికి ఎక్కిస్తే క్యాన్సర్ కణం మీద ఉండే ఒక గుర్తుని వెతుక్కుంటూ పోయి అతుక్కుని, దగ్గర్నుంచి కాలుస్తుంది. ఆ గుర్తు మీకు ఉందో లేదో ముందు పడవెక్కి కొండ మీది పెద్దాసుపత్రికి వెళ్ళి స్కాన్ తీయించుకోవాలి. మాత్రలూ కీమో అయ్యాక ఆలోచించేది అది. మన ఊళ్ళో ఇంకో చిక్కు కూడా ఉంది. మందు చాలామటుకు ఉచ్చలో బయటికొస్తుంది. కిరణాలున్న నీళ్ళు వడకట్టు శాలకి పోకూడదు కదా. ఆరు మోతాదులూ అయి, అంతా చల్లారేసరికి ఏడాది. అంతకాలం మూత వేసిన తొట్టిలో విడిగా ఉంచాలి."

"మూత వేసిన తొట్టి మన ఊళ్ళో..."

"ఒక్కటే. ఆరో తొట్టి."

గ్లాసులో నీళ్ళన్నీ తాగేశాను. చాలా ఏళ్ళ తర్వాత నీళ్ళు తియ్యగా అనిపించాయి.

చైత్రం, అమావాస్య

ఆరో తొట్టి ఉన్న గది ఒకప్పుడు నా గ్రంథాలయం. నేను దాని అధికారిని. మునిగిన ఊళ్ళ నుంచి పడవల మీద తెచ్చుకున్న పుస్తకాలు నేల నుంచి కప్పుదాకా ఉండేవి. నలభై ఏళ్ళ కిందట వానలు ఎగ్గొట్టి, శాల యంత్రం కూడా ఆగిన ఏడు, నీళ్ళ పెద్దగా ఉన్న తాడంకి సోమలింగం వాన నీళ్ళు దాచే తొట్టికి ఆ గది కావాలనుకున్నాడు. ఊళ్ళో కప్పు కారని గది అదొక్కటే. నేను కొండకి వెళ్ళిన రెండు రోజుల్లో పుస్తకాలన్నీ తీయించి, బయట చెక్కబాట మీద పేర్పించి, పైన తెరచాప కప్పించాడు. ఆ రాత్రే గాలివాన వచ్చింది. తెరచాప ఎగిరిపోయింది. నేను తిరిగొచ్చేసరికి పుస్తకాలు ఉప్పునీళ్ళలో ఉబ్బి, నానిన అటుకుల్లా ఉన్నాయి. లోపల తొట్టి మాత్రం అందంగా నిలబడింది.

లింగమూ నేనూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. ఒరే, ఏరా తప్ప మరో పిలుపు లేదు. ఆ రోజు నుంచి ఒకళ్ళనొకళ్ళం 'మీరు' అంటున్నాం. మా ఇద్దరికీ అంతకన్నా పెద్ద తిట్టు తెలీదు.

ప్రతి అమావాస్యకీ చచ్చిపోయిన పుస్తకం ఒకదాని పేరు సుద్దముక్కతో చెక్కబాట మీద రాస్తాను. శాలకి వెళ్ళడానికి లింగం నడిచే చోటే రాస్తాను. ఇవాళ ఒక చేపల శాస్త్రం పేరు రాశాను. బొమ్మలుండేవి దాంట్లో, రంగులవి. రాసి నడుం పట్టుకుని లేస్తుంటే రాజ్యం అంది: "ఆయన వాటి మీద కాలు పెట్టడు అన్నయ్యా. పక్కనుంచి దాటుకుని పోతాడు. నేను చూశాను."

"నీ కళ్ళకి శుక్లాలు."

"ఆ తొట్టి నీళ్ళు ఆ ఏడు నువ్వూ తాగావుగా."

తాగాను. దాహానికి తాగినదానికి దణ్ణం కూడా పెట్టాలా?

వైశాఖం, పెద్ద పోటు

ఆరో తొట్టి కావాలని సభలో అర్జీ పెట్టాను.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటుంది. ఉమ్మడి సొత్తు అడిగేవాడు, తనకి కాదని చెప్పే మనిషిని తనే పేరుపెట్టి పిలవాలి. సభ మధ్యలో నల్లబడ్డ చెక్క పలక ఒకటుంది, ఊరు కట్టడానికి వచ్చిన మొదటి పడవలోది. కాదనేవాడు దాని మీద నిలబడి కాదని వాదించాలి. డాక్టర్నైనా ఎవర్నైనా ఏదైనా అడిగే హక్కు అతనికి ఉంటుంది. అతను పలక్కపోతే అర్జీ చెల్లదు, మళ్ళీ ఆర్నెల్లదాకా అడగకూడదు. పూర్వం కాదనేవాళ్ళకి చేపలు పంపి నోరు మూయించేవారట. అందుకని పెద్దలు కాదనేవాడి మౌనాన్ని అడిగేవాడికే శిక్షగా పెట్టారు. ఒకసారి పేరుపెడితే ఆ అర్జీకి ఎప్పటికీ ఆ మనిషే. అందరూ బావమరిదినో తోడల్లుణ్ణో పిలుస్తారు. వాడు పలకెక్కి, "ఊరికి కష్టమేమోనండీ" అని గొణిగి దిగిపోతాడు. తర్వాత భోజనాలు.

నేను సోమలింగాన్ని పిలిచాను.

సభలో కలకలం రేగింది. నా ఉద్దేశం వాళ్ళకి అర్థమైంది, దాచలేదు కూడా. నలభై ఏళ్ళ కిందట ఏ గది కోసం నా పుస్తకాలని ముంచాడో ఆ గదిలో తొట్టి నిండా నా ఉచ్చ ఉంటుంది, అది కూడా ఊరంతా చూస్తుండగా అతను కాదు కాదని మొత్తుకుని ఓడిపోయాక.

లింగం పలకెక్కాడు. సన్నబడ్డాడు. గొంతు మాత్రం అదే, రేవు దాకా వినిపించేది.

"భుజంగరావుగారూ, మీ ఒళ్ళు వెలిగిందా?"

"ఏమిటి?"

"స్కానులో. వెలిగితేనే కదా ఆ మందు అతుక్కునేది. డాక్టరమ్మని అడిగాను. మీరు కొండకి వెళ్ళనే లేదటగా."

"వెళతాను."

"మాత్రలు వేసుకున్నారా?"

"వేసుకోలేదు."

"కీమో?"

నేను కండువా సర్దుకున్నాను.

"జన్యువు పరీక్షకి రక్తమైనా ఇచ్చారా? ఇవ్వలేదు. డాక్టరమ్మ చెప్పినవన్నీ వదిలేసి ఆఖరిమెట్టు మీద కూర్చున్నారు. ఎందుకో నేను చెప్పనా? చదువుకున్న మనిషి కదా, రోగానికి మందు కాదు, మందుకి తొట్టిని వెతుక్కున్నాడు. ఈయనకి కావలసింది వైద్యం కాదండీ. నా తొట్టిలో పోయడం!"

సభలో పైకప్పు లేచిపోయేలా నవ్వారు. సభ పెద్ద మస్తాన్‌బీ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఊళ్ళో ఇంటికో గరిటెడు మంచినీళ్ళు పోసి తీర్పు చెబుతారు, ఔనుకో గాజు జాడీ, కాదుకో గాజు జాడీ. ఔను జాడీ అడుగు కూడా తడవలేదు. మా ఇంటి గరిటె పట్టిన రాజ్యం కూడా కాదు జాడీలోనే పోసింది.

"నువ్వు కూడానా?"

"ఆయన చెప్పింది నిజం కదా అన్నయ్యా. మాత్రలు వేసుకో."

ఊళ్ళో వాళ్ళందరినీ ఒకసారి చూశాను. వీళ్ళలో అక్షరమ్ముక్క చదివేవాడు లేడు, నవ్వడానికి మాత్రం అందరూ వచ్చారు.

శ్రావణం, చిన్న పోటు

మాత్రలు పరగడుపున వేసుకోవాలి. తోడుగా చిన్న స్టెరాయిడు బిళ్ళ. కాళ్ళు వాచాయి, బీపీ పెరిగింది. జన్యువు పరీక్షలో లోపమేమీ లేదట. అంటే ఆ దారి మూసుకుంది. జీవితంలో మొదటిసారి నాలో లోపం లేదని ఎవరో రాసిచ్చారు, అది కూడా నష్టానికే.

పి.ఎస్.ఏ. సగానికి సగం దిగింది. నడుం నొప్పి తగ్గింది. సువార్త సంతోషించింది. లింగం మాట నెగ్గినందుకు నాకు అన్నం సయించలేదు.

పరామర్శకి వచ్చేవాళ్ళకి ఒక మాట రాసి తలుపుకి తగిలించాను: 'పోరాటం అన్నవాళ్ళు బయటి నుంచే పోవలెను. కాకరకాయ రసం తెచ్చినవాళ్ళు అది తాగి పోవలెను.' జనం తగ్గారు. పోరాటమట. నేను చేసేదల్లా మాత్ర మింగి కూర్చోవడం. వడ్రంగి చెక్కని చిత్రిక పడుతుంటే చెక్క పోరాడుతోందని ఎవడైనా అంటాడా?

జ్యేష్ఠం, పెద్ద పోటు

దాదాపు ఏడాది పనిచేసి మాత్రలు చేతులెత్తేశాయి. సువార్త మళ్ళీ గ్లాసు ఇచ్చింది.

కీమో మొదలు.

ఆశ్వయుజం, అమావాస్య

జుట్టు పోయింది. పోవడానికి పెద్దగా లేదు. గోళ్ళు నల్లబడ్డాయి. నాలుకకి ఉప్పొక్కటే తెలుస్తోంది. ఈ ఊళ్ళో అది కొత్తేమీ కాదు. అసలు కష్టం పాదాలు. అరికాళ్ళకి స్పర్శ లేదు. చెక్కబాట మీద అడుగు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ నడవాలి, లేకపోతే నేరుగా సముద్రంలోకే. రాజ్యం నా నడుముకి తాడు కట్టి పట్టుకుని నడుస్తోంది. "ఆంబోతుని రేవుకి తోలుకెళ్ళినట్టుంది" అంటుంది దారిలో అందరికీ వినపడేలా.

ఇవాళ వంగి సుద్దతో రాయలేకపోయాను. ఒక నిఘంటువు పేరు, రెండో సంపుటం. మొదటి సంపుటం కిందటి అమావాస్యకి రాశాను. రాజ్యాన్ని రాయమన్నాను. రాయనంది. సుద్ద అక్కడే పడేసి వచ్చాను.

కుడి తుంటికి కిరణాలు పెట్టించారు. నొప్పి అణిగింది. కీమో అన్ని మోతాదులూ పూర్తి చేశాను. పి.ఎస్.ఏ. దిగి, నిలబడి, మళ్ళీ లేచింది. ఇలాంటి బుద్ధి ఒక్క మనుషులకే ఉంటుందనుకునేవాణ్ణి.

మాఘం, చిన్న పోటు

కొండకి వెళ్ళొచ్చాను. స్కానులో వీపు, పక్కటెముకలు, తుంటి అన్నీ వెలిగాయి. "ఒళ్ళంతా దీపావళి" అన్నాను.

"ఇప్పుడు పనికొస్తుందండి" అంది సువార్త. "అందరికీ పనిచేయదు. పనిచేసినవాళ్ళకి కొన్ని నెలలు, కొందరికి ఏడాదిపైన కలిసొస్తుంది. నోరు ఎండుతుంది, రక్తకణాలు తగ్గుతాయి. నయమవుతుందని మాత్రం నేను అనను."

"అనకండి. అబద్ధం చెప్పడానికి ఊళ్ళో వేరే మనుషులున్నారు."

"కొండ మీద వాళ్ళు తయారుచేసిన రోజు నుంచే ఆ మందు కరిగిపోతుంటుంది, వారం తిరిగేసరికి సగం. సభ ఒప్పుకుంటేనే తయారుచేస్తారు. కొత్తవాళ్ళకి మొదలుపెట్టేది ఫాల్గుణం పడవకే, అది తప్పితే మళ్ళీ తుఫాన్లు వెళ్ళాకే. అప్పటిదాకా..."

ఆ మాట ఆమె పూర్తి చేయలేదు. నేను చేశాను. "అప్పటిదాకా నేను ఆగను."

కాదనేవాడు పాతవాడే. లింగం. మార్చడానికి లేదు. అతను వచ్చి వాదిస్తే నేను గెలవొచ్చు, ఓడొచ్చు. అతను రాకపోతే చాలు, నేను పోయినట్టే. అతను వేలైనా కదపక్కర్లేదు. మంచం మీద అటు తిరిగి పడుకుంటే సరిపోతుంది. నిజంగానే మంచం మీద ఉన్నాడు. శాల మెట్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడట. నేను వినగానే ఏమనుకున్నానో ఇక్కడ రాయను. బాగానే అనుకున్నాను.

ఫాల్గుణం, సభకి ముందు

"నేను వెళ్ళి అడుగుతాను" అంది రాజ్యం.

"అడిగితే నా గుమ్మం తొక్కకు."

"తొక్కకుండా ఎలా వస్తాను, దూకుతానా?"

"నలభై ఏళ్ళు అతను నడిచే దారిలో పుస్తకాల పేర్లు రాశాను. ఇప్పుడు వెళ్ళి బాబ్బాబు, మా అన్నని తిట్టిపోండి అని అడుగుతావా?"

"అలాగే అడుగుతాను. నీకు పుస్తకాలు పోయాయని ఏడుపు. నువ్వు పోతే నాకు మాట్లాడ్డానికి గోడ తప్ప మిగలదు. అది నీకు పట్టదు."

వెళ్ళింది. చాలాసేపటికి వచ్చింది. చెప్పులు విడిచి, కాళ్ళు తుడుచుకుని, పొయ్యి దగ్గర కూర్చుంది.

"ఏమన్నాడు?"

"'మీ అన్నని కాస్త భయపడమను అమ్మాయ్, ఒంటికి మంచిది' అన్నాడు."

"అంతేనా?"

"కాఫీ ఇచ్చారు. బాగుంది."

ఇంకా రాని మందు కంటే ఇది ముందే కాలుస్తోంది. ఒక మనిషి నాలుక చివర నా ప్రాణం. ఆ నాలుకని నేనే కోరి పెట్టుకున్నాను, నవ్వులపాలు చేద్దామని. చిన్నప్పుడు నీతికథల పుస్తకాల్లో ఇలాంటి మూర్ఖులు కనిపిస్తే పేజీ తిప్పేసేవాణ్ణి, మరీ కట్టుకథలా ఉందని.

ఫాల్గుణం, పెద్ద పోటు

సభ మొదలైంది. పలక ఖాళీగా ఉంది.

మస్తాన్‌బీ ఆనవాయితీగా మూడుసార్లు పిలవాలి. మొదటిసారి పిలిచింది. ఎవరూ కదల్లేదు. రెండోసారి పిలిచింది. నా వెనక ఎవడో, "ఇంకేం వస్తాడు, పాపం మంచం మీద" అన్నాడు. ఆ పాపం నాకు కాదు, అతనికి. రాజ్యం నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

మూడోసారి పిలవబోతుంటే చెక్కబాట మీద కిర్రుమని చప్పుడు. నలుగురు మనుషులు కుర్చీ మోసుకొస్తున్నారు. కుర్చీలో లింగం, కాలికి బద్దలు కట్టుకుని.

"కూర్చునే చెప్పండి సోమలింగంగారూ" అంది మస్తాన్‌బీ.

"పలక మీద నిలబడే చెప్పాలి. కూర్చుని చెబితే చెల్లలేదని రేపు ఈయనే అంటాడు."

అననా? అనేవాణ్ణే.

ఇద్దరి భుజాల మీద చేతులేసి, ఒంటికాలి మీద పలకెక్కి నిలబడ్డాడు. మొహం నుంచి చెమట కారుతోంది. చీటీ లేని నీళ్ళు.

"కిందటిసారి ఈయన్ని చూసి నవ్వాం. ఈసారి నవ్వడానికేం లేదు. మాత్రలయ్యాయి, కీమో అయ్యింది, ఒళ్ళు వెలిగింది. వైద్యం వైపు నుంచి అనడానికి నాకేమీ మిగల్లేదు. అయినా కాదంటాను. ఎందుకో వినండి. మిగతా అయిదు తొట్లూ శాల యంత్రం మీద బతికేవి. వాన నీళ్ళు దాచేది ఆరోది ఒక్కటే. వచ్చే ఏడు యంత్రం ఆగితే? ఆగదని మస్తాన్‌బీగారు మాటిస్తారా? నలభై ఏళ్ళ కిందట ఆగింది. చంటిపిల్లల నాలుకలు ఎలా ఎండుతాయో చూసినవాళ్ళు ఈ సభలో ఇంకా కొందరున్నారు. ఈయన చూళ్ళేదు, పుస్తకాలు ఆరబెట్టుకుంటున్నాడు. ఒక ముసలాయనకి కొన్ని నెలలు. దానికి ఊరంతా ఏడాదిపాటు ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి. చంకలో పిల్లలున్న తల్లులు ముందు వరసలో ఉన్నారు. వాళ్ళ మొహాలు చూసి పోయండి. కాదు. నేను కాదంటున్నాను."

ఎవరూ నవ్వలేదు. అది వాదన. కల్తీ లేనిది. నాకు వచ్చిన ప్రాణం మళ్ళీ పోయింది. ఇతను నన్ను బతికించడానికి వచ్చాడా, మర్యాదగా చంపడానికి వచ్చాడా?

నేను లేచాను. మూడు రాత్రులు కూర్చుని రాసుకున్న ఉపన్యాసం జేబులో ఉంది. మనిషి ఆయువు గురించి పెద్దలు చెప్పిన మాటలు నాలుగు ఏరి పెట్టుకున్నాను. కాగితం తీస్తే గోళ్ళు ఊడిన వేళ్ళకి మడత విడలేదు. చాలాసేపు తంటాలు పడ్డాను. చివరికి మళ్ళీ జేబులో పెట్టేశాను.

"ఈయన చెప్పింది అంతా నిజమే" అన్నాను. "నాకు చావాలని లేదు. ఈయనకంటే ముందు అసలే లేదు."

ముందు వరసలో చంకలో పిల్ల ఉన్న ఒకావిడ ఫక్కున నవ్వింది. ఆ తర్వాత సభ అంతా. రెండేళ్ళ కిందటి నవ్వు కాదది. నాకు నచ్చలేదు కానీ పనికొచ్చింది.

గరిటెలు కదిలాయి. ముందు వరస ఆవిడ పిల్లని చంక మార్చుకుని, కాదు జాడీలో పోసింది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు, ఇది కూడా రాసిపెడుతున్నాను, ఎవరూ నమ్మరు కాబట్టి. రాజ్యం ఔనులో పోసింది, గరిటె దులిపి మరీ. చివరికి మస్తాన్‌బీ రెండు జాడీలూ పక్కపక్కన పెట్టి దీపం ఎత్తింది.

ఔను జాడీలో నీళ్ళు కాదు జాడీ కంటే వేలెడు ఎత్తున ఉన్నాయి.

లింగాన్ని కుర్చీలో కూర్చోబెడుతుంటే దగ్గరికి వెళ్ళాను. "ఎందుకొచ్చారు?"

"నోరు మూసుకుని గెలవడం నాకు చేతకాదు" అన్నాడు. "అది మీ పుస్తకాలవాళ్ళ పని."

చైత్రం, మొదటి మోతాదు

గ్రంథాలయం గదిలో ఉన్నాను. నడుమెత్తు సీసపు పలకల అడ్డు వెనక తొట్టి, ఇవతల నా మంచం. కిరణాలు ఒంట్లోంచి కాస్త తగ్గేదాకా ఎవరూ దగ్గరికి రాకూడదు. రాజ్యం పళ్ళెం గుమ్మం బయట పెట్టి, గట్టిగా తిట్టి పోతుంది, నేను బతికున్నానో లేదో తెలుసుకోవడానికి.

నోరు సుద్ద నమిలినట్టుంది. గోడలకి నా అలమరల గుర్తులు ఇంకా ఉన్నాయి. వెల్ల వేసినా పోలేదు. చేపల శాస్త్రం ఉండే చోటు ఏదో మంచంలోంచి వేలు పెట్టి చూపించగలను. మందు పనిచేస్తుందో లేదో రెండో మోతాదు తర్వాత గానీ తెలియదట. తెలియనీ. ఈ గది మాత్రం నాది, ఏడాదిపాటు.

సాయంత్రం బయట లింగం కుర్చీ, ఇప్పుడు చక్రాలు బిగించింది, కిర్రుమంటూ వచ్చింది. బాట చివర, డాక్టరు గీసిన ఎర్రగీతకి అవతల ఆగింది.

"భుజంగరావుగారూ! ఇవాళ ఎంత?"

"వచ్చి కొలుచుకోండి."

కుర్చీ మళ్ళీ కిర్రుమంది. వెళ్ళిపోయాడనుకున్నాను.

"తెరచాపకి నాలుగు తాళ్ళు కట్టించాను" అన్నాడు. "ఆరు కట్టాల్సింది."

నలభై ఏళ్ళలో ఆ సంగతి అతని నోట వినడం అదే మొదలు. నాకు ఒళ్ళు మండింది.

"తాళ్ళ సంగతి ఎవడడిగాడు? నాతో ఒక్క మాట చెప్పాలా వద్దా?"

"చెబితే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు."

"మరి!"

"అయినా అడగాలిరా. అడిగి, నా చేత తిట్లు తిని, అప్పుడు తియ్యాలి."

'రా' అన్నానని అనేశాక గానీ తెలియలేదు. అతను దాన్ని పట్టించుకోలేదు, లేదా పట్టించుకోనట్టు కూర్చున్నాడు. క్షమించావా అని అతను అడగలేదు. అడిగి ఉంటే లేదని చెప్పేవాణ్ణి. ఇప్పటికీ లేదు.

"తొట్టి మీద పేరు రాశావా?" అన్నాడు. "లోపల ఏముందో రాయాలి. ఊరి నియమం. ఒకసారి మూత పెట్టి రాస్తే, చల్లారి ఖాళీ అయ్యేదాకా దాన్నెవరూ ముట్టుకోకూడదు."

"తెలుసు. రాశాను."

"ఏం రాశావ్?"

రాజ్యం చేత నల్లరంగు తెప్పించుకుని, మధ్యాహ్నమంతా రాశాను. వేళ్ళకి పట్టు లేదు, రెండు అక్షరాలు వంకరపోయాయి. ఈ గుమ్మం పాత బోర్డు మీద ఉన్నంత పెద్ద అక్షరాలు. తలుపు రెక్క కాలితో తోశాను. అతను కళ్ళజోడు సర్దుకుని, కుర్చీలోనే ముందుకు వంగి చూశాడు.

తొట్టి మీద 'గ్రంథాలయం' అని ఉంది.

"ఒరేయ్!" అని కేక పెట్టాడు. రేవు దాకా వినిపించి ఉంటుంది. "తప్పు రాశావురా! చెరుపు దాన్ని!"

"వచ్చి నువ్వే చెరుపు."

కుర్చీ ఎర్రగీత దాకా కిర్రుమంది. గీత దగ్గర ఆగిపోయింది.